కుడి నుంచి ఎడమకు

అనంతపురం,
4 మార్చి 1962

ప్రియమైన ఫకృద్దీన్‌కు,

నీ ఉత్తరం అందింది. కర్మలకు రాలేకపోయానని బాధపడనక్కర లేదు. వచ్చినవాళ్ళతో కూడా నేను ఏమీ మాట్లాడలేదు.

ఒక సహాయం కావాలి. నాకు అరబ్బీ నేర్పాలి.

కారణం చెబుతాను. రామలక్ష్మి ఎడమ దండచేతికి ఒక తాయెత్తు ఉండేది. రాగి గొట్టం. చిటికెన వేలంత ఉంటుంది. రెండు కొసలా లక్క. పన్నెండేళ్ళ కిందట నేను మదనపల్లె శానిటోరియం నుంచి ఇంటికి వచ్చిన రోజు మొదటిసారి చూశాను. ఎక్కడ కట్టించుకుందో తెలియదు. గూగూడు పీర్ల దగ్గరే అయి ఉంటుంది. మాకు పిల్లలు లేరు కనుక వాళ్ళ కోసం అనుకున్నాను. ఒకసారి అడిగాను, ఎగతాళిగానే. "కొత్తగా ఏమీ అడగలేదులే. ఉండేది ఉంటే సాలు" అంది. మళ్ళీ అడగలేదు.

ఆమెను తీసుకుపోయే ముందు ఆంజినమ్మ దాన్ని విప్పి నా చేతిలో పెట్టింది. ఆంజినమ్మ ఆమె చెల్లెలు. గుత్తి నుంచి వచ్చి ఇక్కడే ఉంది. గొట్టాన్ని ఊపితే లోపల కాగితం కదిలిన చప్పుడు వస్తుంది.

దాని మూలంగా ఆస్పత్రిలో ఒక గొడవ జరిగింది. అది ఇప్పుడు రాయలేను. ఆమె దేనికోసం అంత పట్టుబట్టిందో నాకు తెలియాలి. అది తెలియకుండా నాకు కుదరదు.

ఈ ఊరి మసీదులో ఎవరిని అడిగినా చదివి పెడతారు. నువ్వూ చదువుతావు. నేను ఇంకొకరి చేత చదివించను. అది ఆమె ఒంటి మీద ఉన్నది. ఏడాది తిరిగి సంవత్సరీకం నాడు తెరుస్తాను. అప్పటికి నేనే చదవగలగాలి.

మద్రాసు మూర్ మార్కెట్ నుంచి ఇంగ్లీషులో ఉన్న అరబ్బీ వ్యాకరణం ఒకటి తెప్పించాను. ఇరవై పేజీలు చదివాను. ఏమీ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో రాయి.

నీ
ఈశ్వరప్ప


కడప,
12 మార్చి 1962

ప్రియమైన ఈశ్వరకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాలేజీలో మా అబ్బా పెనుకొండ దర్గా దగ్గర తాయెత్తులు రాస్తాడని నన్ను ఎంత ఏడిపించావో నీకు గుర్తుందో లేదో. "మీ నాయన రాసిన చీటీ కట్టుకుంటే బి.ఏ. పాసవుతామా" అని హాస్టలంతా వినేట్టు అడిగేవాడివి. నేనూ నీతో కలిసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు ఇద్దరికీ నవ్వు రావడం లేదు.

ముందు ఒక మాట. మావాళ్ళ పద్ధతి ఒకటుంది. కట్టుకున్న మనిషి పోతే తాయెత్తును తెరవరు. బావిలోనో ఏట్లోనో వదిలేస్తారు. నా మాట వింటే అలా చెయ్యి. నువ్వు వినవని తెలుసు కనుక కింద పాఠం కూడా రాస్తున్నాను.

మొదటిది. ఆ దొర పుస్తకం నెల రోజులు మూసిపెట్టు. దానిలో తప్పేమీ లేదు. ఆయన తన దేశపు పిల్లల కోసం రాసుకున్నాడు. నువ్వు పెనుకొండ నుంచి హిందూపురం పోవడానికి లండన్ మీదుగా టిక్కెట్టు కొన్నావు. ముఖ్యంగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన అరబ్బీని కంటితో కూడా చూడొద్దు. ఆ ఊతకర్ర ఒకసారి అలవాటైతే కన్ను అసలు అక్షరం వైపు పోదు.

రెండోది. ఈ కాగితం వెనక అయిదు అక్షరాలు రాశాను. కుడి నుంచి ఎడమకు. వాటి మీదే దిద్దు. వారానికి అయిదు పంపుతాను. అంతకంటే ఎక్కువ అడగొద్దు.

మూడోది, నోరు. అరబ్బీలో 'హ' రెండు రకాలు. ఒకటి ఉత్త గాలి. రెండోది గొంతు అడుగునుంచి రావాలి. నువ్వు కళ్ళద్దాలు తుడిచే ముందు వాటి మీద ఊదుతావు చూడు, అదే. త, ద అక్షరాలు దొరకు కష్టం. నీకు పుట్టుకతో ఉన్నాయి. శబ్దానికి తెలుగు చెవి పెట్టు. ఇంగ్లీషును వ్యాకరణానికి ఉంచుకో.

ఇంకో సంగతి. నీకు అరబ్బీ రాదని ఎవరన్నారు? తారీఖు, జవాబు, అసలు, ఖాళీ, వకీలు, హక్కు, రైతు. ఇవన్నీ అక్కడివే. మన ఊళ్ళో సంతకు పోయే ముసలమ్మకు కూడా వంద మాటలు వచ్చు.

వేళకు తిను.

నీ
ఫకృద్దీన్


అనంతపురం,
15 ఏప్రిల్ 1962

ప్రియమైన ఫకృద్దీన్‌కు,

నువ్వు పంపినవి అన్నీ దిద్దాను. ఇరవై ఎనిమిది అక్షరాలు పూర్తి కావడానికి ఇంకో వారం. పదం మొదట్లో, మధ్యలో, చివర వాటి రూపం మారుతుందని ముందే చెప్పి ఉండవలసింది. ఆరు అక్షరాలు మాత్రం తమ తర్వాత వచ్చేదానితో చెయ్యి కలపవు. వాటిని ముందు గుర్తుపట్టాను.

పొద్దున కళ్ళద్దాల మీద ఊదుతూ రెండో 'హ' సాధన చేస్తుంటే ఆంజినమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది. "ఏం బావా, గొంతులో చేప ముల్లు ఇరుక్కుండాదా? ఈ ఇంట్లో చేప వండి ఎన్నాళ్ళాయె" అంది. చాలా రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినిపించింది. ఆమెదే.

నువ్వు చెప్పిన పద్ధతి ఆమెకూ తెలుసు. ఎక్కడైనా నీళ్ళలో వదిలెయ్యమంటుంది. నీళ్ళు చూపించమన్నాను. మా బావిలో అడుగు బండ కనిపిస్తోంది. కాలేజీ బావికి కూడా పోయిన నెల నుంచి మోకు సరిపోవడం లేదు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక సందేహం. నెల గడిచింది కనుక పుస్తకం తెరిచాను. 'ఇల్లు పెద్దది' అన్న వాక్యంలో రెండే మాటలున్నాయి. ఇంగ్లీషులో ఉండే 'ఈజ్' కోసం మూడు రోజులు వెతికాను. అచ్చుతప్పా?

వేళకు తింటున్నాను.

నీ
ఈశ్వరప్ప


కడప,
24 ఏప్రిల్ 1962

ప్రియమైన ఈశ్వరకు,

'ఇల్లు పెద్దది' అని తెలుగులో నువ్వే రాసి, రెండు మాటలే ఉన్నాయేమని నన్ను అడుగుతావా? తెలుగులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి చెప్పి నువ్వు సొంత ఇంటికే దారి అడుగుతున్నావు. ఎక్కడ దొర తడబడతాడో అక్కడ ఒకసారి తెలుగులో అనుకుని చూడు. సగం చోట్ల తలుపు తెరిచే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. అరబ్బీ మాటకు ఎముకలు మూడు. క, త, బ అనుకో. రాయడం. కితాబ్ పుస్తకం, కాతిబ్ రాసేవాడు, మక్తూబ్ రాసినది. అంటే ఉత్తరం. ఇందువల్ల నిఘంటువు నీకు మొదట్లో పనికిరాదు. మక్తూబ్‌ను మ కింద వెతికితే దొరకదు. పైన తొడిగినవన్నీ తీసి ఎముకలు చూసి, వాటి కింద వెతకాలి. మాట లోపల ఏముందో తెలిసినవాడికే మాట దొరుకుతుంది. మొదట్లో నాకూ ఇది అన్యాయంగా తోచింది.

ఇంకొకటి. ఒక్కడివే కూర్చుని చదివితే భాష రాదు. మీ ఊళ్ళో వేరుశనగ మిల్లులో మస్తాన్ సాబ్ అని ఇంజిన్ చూసే పెద్దమనిషి ఉన్నాడు. యుద్ధంలో మూడేళ్ళు ఇరాక్‌లోని బస్రాలో పనిచేశాడు. ఆదివారం పోయి మాట్లాడు. నీళ్ళు అడుగు, దారి అడుగు. తప్పులు వస్తాయి. రానీ. తప్పు లేకుండా వచ్చేదాకా నోరు తెరవనంటావు నువ్వు. చిన్నప్పటినుంచీ అదే నీ జబ్బు. ఊపిరితిత్తులది నయమైంది, ఇది కాలేదు.

ఆస్పత్రి సంగతి నేను అడగను. రాయాలనిపించినప్పుడు రాయి.

నీ
ఫకృద్దీన్


అనంతపురం,
15 జూలై 1962

ప్రియమైన ఫకృద్దీన్‌కు,

మస్తాన్ సాబ్ దగ్గరికి ప్రతి ఆదివారం పోతున్నాను. మొదటి రోజు నీళ్ళు అడిగాను. వ్యాకరణం సరిగ్గానే ఉందని నా నమ్మకం. ఆయన చేతిలో నూనె గుడ్డ పక్కన పెట్టి విన్నాడు. "సార్, మీరు అడిగేది దప్పికైనోడు అడిగినట్ల లేదు, నమాజు చదివినట్ల ఉండాది. బస్రాలో ఇట్ల అడిగితే నీళ్ళియ్యరు, లేసి నిలబడతారు" అన్నాడు. ఇప్పుడు కొంచెం నయం.

పుస్తకంలో ద్వివచనం దాకా వచ్చాను. ఒకరికి ఒక రూపం, ఇద్దరికి ఒక రూపం, ఆపైన ఎంతమందికైనా ఒక రూపం. సంస్కృతంలో ఉన్నదే. పరీక్షకు చదివి మరచిపోయాను. ఈసారి ఆ పాఠం రెండు వారాలు పట్టింది. పాఠం కష్టమైనది కాదు.

నువ్వు అడగలేదు. అయినా రాస్తాను.

జనవరి పదిహేడు. కడుపునొప్పి అప్పటికి రెండు రోజులు. డాక్టరు చూసి అపెండిక్స్ అన్నాడు. ఆ ఉదయమే కోయాలన్నాడు. అడ్మిషన్ కాగితంలో భర్త పేరు అడిగారు. నీకు తెలుసు కదా, ఆమె నా పేరు పలకదు. ఎప్పటిలాగే నావైపు చూపించింది. నర్సు నవ్వి నన్నడిగి రాసుకుంది.

ఆపరేషన్ గదిలోకి పోయేవాళ్ళ ఒంటి మీద నగలు, దారాలు ఉండకూడదు. కమ్మలు తీసింది. గాజులు తీసింది. తాళి తనే తీసి నా చేతిలో పెట్టింది. తాయెత్తు దగ్గరికి వచ్చేసరికి దాని మీద చెయ్యి కప్పుకుంది. "ఇది నాది కాదు. నేను తీసేది కాదు" అంది.

డాక్టరు మంచివాడు. దాని మీద శుభ్రమైన గుడ్డ చుట్టి పని కానిస్తామన్నాడు.

నేను వద్దన్నాను.

ఫకృద్దీన్, నేనే వద్దన్నాను. తాళి తీసిన మనిషి తాయెత్తు తీయననడం నాకు అవమానంగా తోచింది. నలుగురి ముందు తోచింది. అది తీస్తేనే సంతకం పెడతానన్నాను. కాగితం జేబులో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఆమె దిగివస్తుందనుకున్నాను. డాక్టరు రెండుసార్లు వచ్చి చెప్పిపోయాడు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. ఆరు గంటలు.

మూడింటికి ఆంజినమ్మ వచ్చి అక్కకు నొప్పి తగ్గిందని చెప్పింది. ఊపిరి పీల్చుకున్నాను. డాక్టరుకు చెబితే ఆయన పరుగెత్తాడు. లోపల పగిలితే నొప్పి అలాగే తగ్గుతుందట. అప్పుడు సంతకం పెట్టాను. గుడ్డ చుట్టే చేశారు. రెండు రోజులు బతికింది.

పొద్దున్నే చేసి ఉంటే ఏమయ్యేదని తర్వాత డాక్టరును అడిగాను. "అది అడగొద్దండి" అన్నాడు.

ఇప్పుడు నాకు కావలసింది చెబుతాను. ఆ గొట్టంలో ఒక పిచ్చి రాత ఉండాలి. అర్థం లేనిదేదో రాసి ఉందని నా కళ్ళతో నేను చదవాలి. అప్పుడు తప్పు ఇద్దరిదీ అవుతుంది. ఒక్కడిదే అయితే మొయ్యలేకపోతున్నాను.

నీ
ఈశ్వరప్ప


అనంతపురం,
9 సెప్టెంబర్ 1962

ప్రియమైన ఫకృద్దీన్‌కు,

ఎనిమిది వారాలయింది. జవాబు లేదు.

నేను రాసింది చదివి నాతో పొత్తు వద్దనుకుంటే అలాగే ఒక కార్డు రాయి. తప్పు పట్టను. నీ స్థానంలో ఉంటే నేనూ అనుకునేవాణ్ణేమో.

పాఠం మాత్రం మధ్యలో ఆపవద్దు. గుణింతం గుర్తులు లేకుండా రాసిన పేజీ ఇంకా చదవలేకపోతున్నాను. నీ చేతి రాత అయితే తెలుస్తుంది. అచ్చులో ఉన్నది తెలియడం లేదు. సంవత్సరీకానికి నాలుగు నెలలే ఉన్నాయి.

వానలు లేవు. వేసిన వేరుశనగ మొలకలోనే పోయిందంటున్నారు.

నీ
ఈశ్వరప్ప


కడప,
14 అక్టోబర్ 1962

ప్రియమైన ఈశ్వరకు,

నీ మీద నాకు కోపం లేదు. ఆ మాట ముందు రాయాలి.

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఎందుకో ఇప్పుడు చెప్పను. చెబితే ఆ గొట్టం నువ్వు తెరవకముందే నేను తెరిచినట్టవుతుంది. ఆ హక్కు నాకు లేదు. మరోసారి మాత్రం అడుగుతాను. మీ బావిలో నీళ్ళు లేకపోతే ఇక్కడ పెన్నలో ఇంకా ఒక పాయ పారుతోంది. రైలెక్కి రా. ఇద్దరం కలిసి వదిలేద్దాం. ఇంట్లో నీకు ఒక గది ఖాళీగా ఉంది, ఎన్నాళ్ళైనా ఉండు.

రావు. సరే. ఇదే ఆఖరి పాఠం.

గుణింతం గుర్తులు లేని పేజీని అక్షరం అక్షరం కూడబలుక్కోవద్దు. నువ్వు తెలుగు అలవాటుతో ప్రతి అక్షరానికీ అచ్చు కోసం చూస్తున్నావు. నీ ఇంగ్లీషు ఇక్కడ కొంచెం పనికొస్తుంది. వాళ్ళు కూడా రాసినదంతా పలకరు, పలికినదంతా రాయరు. మాట మొత్తాన్ని మనిషి మొహం చూసినట్టు చూడు. ఎముకలు పట్టుకో. మిగతాది నోరే నింపుతుంది.

తాయెత్తు సంగతి వేరు. అందులో పైన దేవుని పేరు ఉంటుంది. మధ్యలో గళ్ళు, గళ్ళలో అంకెలు. వాటి జోలికి పోవద్దు. కింద ఒకటి రెండు వరుసలు ఉంటాయి. నువ్వు చదవవలసింది అక్కడ. ముందు మనిషి పేరు వెతుకు. తాయెత్తులో మనిషిని తల్లి పేరుతో రాస్తారు. ఫలానా తల్లి బిడ్డ ఫలానా అని. తండ్రి పేరు రాయరు. ఎందుకని చిన్నప్పుడు అబ్బాను అడిగితే, పిల్లవాడికి జ్వరం వస్తే పరుగెత్తుకొచ్చేది ఎవరు అని ఎదురు అడిగాడు.

నీ పుస్తకంలో లేని అక్షరం ఒకటి అక్కడ కనబడవచ్చు. అరబ్బులకు ప లేదు. పారశీకులను చూసి మన దేశంలోనూ మన పేర్లు రాసుకోవడానికి బ కింద ఉన్న ఒక చుక్కను మూడు చేశారు. అది చూసి కంగారుపడకు.

చదివాక నాకు రాయి. ఏం రాసినా సరే, రాయి.

నీ
ఫకృద్దీన్


అనంతపురం,
10 జనవరి 1963

ప్రియమైన ఫకృద్దీన్‌కు,

తిథి ప్రకారం నిన్న సంవత్సరీకం అయింది. భోజనాలు చేసి అందరూ పోయాక, మూడు గంటలకు వరండాలో కూర్చుని చాకుతో లక్క గీకాను.

కాగితం వేలి పొడవు ఉంది. చుట్ట చుట్టి ఉంది. పన్నెండేళ్ళ చెమటకు ఒక అంచు పోయింది. సిరా నిలిచింది. చేతులు కడుక్కుని, పలక మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చింతగింజలు పెట్టాను.

పైన దేవుని పేరు. గళ్ళు వదిలేశాను. కింద రెండు వరుసలు. నువ్వు చెప్పిన మూడు చుక్కల అక్షరం ముందు కనబడింది. రెండు చోట్ల ఉంది. రామలక్ష్మి పేరులో ప లేదు. వాళ్ళ అమ్మ సుంకమ్మ పేరులోనూ లేదు. అక్కడే ఆగిపోయాను.

తర్వాత చదివాను. బాగుచేసేవాడా, తిప్పమ్మ కొడుకు ఈశ్వరప్పను కాపాడు.

అంతే ఉంది. ఇంకేమీ లేదు. మూడుసార్లు చదివాను.

ఆంజినమ్మను పిలిచి చదివి వినిపించాను. "నీ పేరు ఆ నోట రాలేదు కద బావా. అందుకే సేతికి కట్టుకుండాది" అని లోపలికి పోయింది.

ఇది నాది కాదు అంది రామలక్ష్మి. ఆ రోజు ఆస్పత్రిలో నిజం మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

ఇంకొక సంగతి. ఆమె నా పేరు ఎన్నడూ పలకలేదు. మా అమ్మ పేరు అసలే పలకదు. గూగూడులో ఎవరికీ మా అమ్మ పేరు తెలియదు. మరి రాసినవాడికి ఈ రెండు పేర్లూ ఎవరు చెప్పారు?

ఈ పది నెలలు నేను దిద్దింది ఒకే చేతి రాత మీద. అచ్చు ఇంకా తడుముకుంటాను. ఈ కాగితం చదవడానికి తడుముకోలేదు. నువ్వు 'న' అక్షరం నూన్‌లో చుక్కను నడిమధ్య పెట్టవు. ఎడమ పక్కకు జరుపుతావు. ఈ కాగితం మీద చుక్క ఎడమ పక్కకు ఉంది.

జవాబు రాయి.

ఈశ్వరప్ప


కడప,
16 జనవరి 1963

ప్రియమైన ఈశ్వరకు,

అవును. నేనే రాశాను.

నలభై తొమ్మిది నవంబర్. నువ్వు శానిటోరియంలో చేరి రెండు నెలలు. నేను సెలవు పెట్టి పెనుకొండలో ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. ఆ వారమే డాక్టర్లు నీ గురించి ఏదో చెప్పి ఉంటారు. ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. అబ్బాకు అప్పటికే కళ్ళలో పొర వచ్చింది. నేను చెబుతా, నువ్వు రాయి అన్నాడు. నా జన్మలో నేను రాసిన తాయెత్తు అదొక్కటే. చదువుకున్నవాణ్ణి కదా, రాస్తూ కూడా సిగ్గుపడ్డాను.

ఎవరి పేరున అని అబ్బా అడిగాడు. ఆమె పలకలేదు. నావైపు చూసి "ఆ యన్నకు తెలుసు" అంది. తల్లి పేరేమిటన్నాడు. మళ్ళీ నావైపే చూసింది. రెండు పేర్లూ నేనే చెప్పి నేనే రాశాను.

ఎవరి పేరో వాళ్ళే కట్టుకోవాలన్నాడు అబ్బా. "ఆయప్ప కట్టుకోడు. నవ్వుతాడు. నేను కట్టుకుంటా" అంది. అయితే ఆ పేరున్న మనిషి బతికున్నన్నాళ్ళూ తీయకూడదని అబ్బా ఉర్దూలో అన్నాడు. ఆమెకు ఉర్దూ అంత రాదు. తెలుగులో చెప్పింది నేను. ఈశ్వరా, ఈ మాట విను. నాకు ఆ రాతలో నమ్మకం లేదు. ఎండలో అంత దూరం వచ్చిన మనిషికి కొంచెం ధైర్యంగా ఉంటుందని, అబ్బా అనని మాట ఒకటి కలిపాను. "ఏం జరిగినా తీయొద్దమ్మా" అన్నాను. ఆ 'ఏం జరిగినా' నాది.

"ఆయప్పకు చెప్పొద్దన్నా" అని నా దగ్గర మాట తీసుకుని పోయింది.

నీ జూలై ఉత్తరం చదివిన రోజు బడిలో పాఠం చెప్పడానికి పోలేదు. గుడ్డ చుట్టొద్దని నువ్వు ఒక్కసారి అన్నావు. తీయొద్దని నేను పన్నెండేళ్ళ ముందే చెప్పి పంపాను. నువ్వు ఒక్కడివే మొయ్యలేకపోతున్నానని రాశావు. రెండో మనిషిని నేను. ఆమె కాదు.

నీళ్ళలో వదిలెయ్యమని నిన్ను బతిమాలింది నీ కోసమో నా కోసమో నాకే తెలియదు. పాఠాలు నిదానంగా చెప్పింది మాత్రం నా కోసమే. వారానికి అయిదు అక్షరాలంత నిదానం ఎవరికీ అవసరం లేదు.

ఇక రాయకపోయినా నీ హక్కు.

ఫకృద్దీన్


అనంతపురం,
27 జనవరి 1963

ప్రియమైన ఫకృద్దీన్‌కు,

నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాయాలనుకున్నాను. రాయడం చేతకాలేదు.

ఆ ఆరు గంటలు నావి. అందులో నీకు వాటా లేదు. 'ఏం జరిగినా' అని నువ్వు కలపకపోయినా ఆమె తీసేది కాదు. నీకు ఆమె తెలియదు. నాకు కూడా ఈ మధ్యే తెలిసింది.

అందులో పిచ్చి రాత ఉండాలని కోరుకున్నాను. లేదు. కనుక తప్పు ఇద్దరిదీ కాలేదు. ఒక్కడిదే. ఏడాది కిందట ఇది మొయ్యలేకపోయేవాణ్ణి. ఇప్పుడు పొద్దున లేస్తున్నాను, పాఠం చెబుతున్నాను, తింటున్నాను. నువ్వు అయిదు అక్షరాల చొప్పున పంపడం మంచిదే అయింది.

మొన్న కంసాలి దగ్గర కాగితం మళ్ళీ గొట్టంలో పెట్టించి కొసలకు లక్క వేయించాను. నా దండచేతికి కట్టుకున్నాను. నమ్మకం కుదిరి కాదు. ఎవరి పేరో వాళ్ళే కట్టుకోవాలని మీ నాన్న మొదట చెప్పాడు కదా, అది పదమూడేళ్ళుగా బాకీ పడి ఉంది. చొక్కా చేతి కింద కనబడదు. ఆంజినమ్మ చూసింది. ఎగతాళి చేస్తుందనుకున్నాను. ముడి వదులుగా ఉందని విప్పి, తనే గట్టిగా వేసింది.

మస్తాన్ సాబ్ నీకు సలాం చెప్పమన్నాడు. ఇప్పుడు నేను నీళ్ళు అడిగితే కూర్చునే ఇస్తున్నాడు.

పాఠాలు ఆపవద్దు. నీ ఇంట్లో గది ఇంకా ఖాళీగా ఉంటే వేసవి సెలవులకు వస్తాను.

ఈ కవరులో ఒక చీటీ ఉంది. పుస్తకం చూడకుండా రాశాను. సుంకమ్మ కూతురు రామలక్ష్మి. ఆమె నా పేరు పలకలేదని అందరికీ తెలుసు. నేనూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. 'ఇదిగో' అనేవాణ్ణి. దానికే పలికేది. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపు. మళ్ళీ రాస్తాను.

నీ
ఈశ్వరప్ప